వచ్చే నీటికే శిలాఫలకాలు

పల్నాడులోని వెల్దుర్తి మండలంలో నీటి ప్రస్తావన ఎప్పుడు వచ్చినా అది వరికపూడిశెల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. 340 కోట్ల రూపాయల అంచనాతో 2023 నవంబరు 15న మాచర్లలో తొలిదశకు శంకుస్థాపన జరిగిన ఆ ఎత్తిపోతల పథకం 24,900 ఎకరాలకు సాగునీటిని, పల్లెలకు తాగునీటిని వాగ్దానం చేసింది. ఈ సీమ కరవు ఎరిగినవారెవరూ దాని అవసరాన్ని కాదనరు. అయితే ఇంటికి చేరిన నీటిలో దాదాపు 80 శాతం మురుగై బయటికి పోతుందన్నది ఇంజనీర్లు వాడే సాధారణ లెక్క కాగా, పోయే ఆ నీటికి దారేదన్న ప్రశ్నకు ఏ శిలాఫలకం మీదా చోటు దొరకదు.

జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందితే 44 లీటర్లు సైడు కాలువ పాలే. వెల్దుర్తి వంటి పంచాయతీలకు ఇంకుడు గుంతలే మందని పథకాలు చెబుతాయి గానీ, పల్నాడులో చాలాచోట్ల పైమట్టి తీస్తే నాపరాయో సున్నపురాయో తగులుతుంది. రాయి గట్టిగా ఉన్నచోట గుంత నిండి వీధిలోకి పొర్లుతుంది, పగుళ్లున్నచోట మురుగు వడపోత లేకుండానే బోరుబావికి చేరగలదు.

2011 జనాభా లెక్కల్లో 57 వేలున్న మాచర్ల సంగతి ఇంకా పెద్దది. పట్టణ ప్రమాణమైన 135 లీటర్ల చొప్పున చూస్తే అక్కడ రోజుకు 60 లక్షల లీటర్లకు పైగా మురుగు పుట్టాలి. పట్టణం గుండా పారే చంద్రవంక వాగులో ఏది కలిసినా అది ఎత్తిపోతల జలపాతం మీదుగా కృష్ణకే పోతుంది, కృష్ణ పులిచింతల దాటి ప్రకాశం బ్యారేజీకి పోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో రోజుకు 2,882 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, శుద్ధి కేంద్రాల సామర్థ్యం 833, నిజంగా శుద్ధి అయింది 309.

కట్టిన సామర్థ్యంలో సగం కూడా వాడకానికి రాకపోవడానికి కరెంటు బిల్లు ఒక ముఖ్య కారణమని వేరే చెప్పనక్కరలేదు. మురుగులోని సేంద్రియ మలినాన్ని తినే సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావాలి. యంత్ర కేంద్రాల్లో దాన్ని పెద్ద బ్లోయర్లతో రాత్రింబవళ్లు ఊదాలి. వరుస చెరువుల పద్ధతిలో, అంటే మురుగును కొన్ని రోజులు చెరువు నుంచి చెరువుకు నెమ్మదిగా నడిపే విధానంలో, నీటిలో పెరిగే నాచు ఎండ సాయంతో ఆ ప్రాణవాయువును ఉచితంగా ఇస్తుంది. పల్నాటి ఎండకు ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదు. స్థలం ఎక్కువ కావాలన్న అభ్యంతరం విజయవాడ నడిబొడ్డున చెల్లుతుందేమో గానీ మాచర్ల శివార్లలో చెల్లదు. దోమల బెడద గట్ల మీది గడ్డి కోయిస్తే చాలావరకు తీరుతుంది. అయినా బిల్లులు పెద్దవిగా పెట్టడానికి వీలులేని పనిమీద ఎవరికీ మనసు పోదు.

యంత్రాల మీద ఇంత మోజున్నచోట పారిశుద్ధ్య కార్మికుడి చేతికి మాత్రం ఇప్పటికీ పారే గతి. అతను ఎత్తిన పూడిక రోజుల తరబడి కాలువ గట్టునే ఉండి, ఒక్క వానకు తిరిగి అదే కాలువలోకి జారుతుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరమైనా ఆ చావుల వార్తలు దేశంలో ఆగలేదు. శంకుస్థాపన సభకు ఒక్కరోజులో షామియానాలు సమకూర్చగల యంత్రాంగం, ఎత్తిన పూడికను ఆ సాయంత్రమే తరలించడానికి ఒక ట్రాక్టరును సమకూర్చలేకపోవడానికి ఏ సాంకేతిక కారణమూ లేదు.