బ్యాటరీ మీద నింద ఎందుకు?

పిల్లలూ! తాళం తిప్పితే బండి స్టార్టు కాక, 'టక్ టక్' మని శబ్దం చేసి ఊరుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. అప్పుడు చుట్టూ చేరినవారు ఏమంటారు? "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించు" అంటారు. పదిమంది ఉంటే పదిమందీ అదే మాట! కొలిచి చూసినవారు మాత్రం ఒక్కరూ ఉండరు. కొలవకుండా చెప్పే ఈ తీర్పు అన్యాయమని నా అభిప్రాయం. ఆ అన్యాయం జరిగేది బ్యాటరీకి కాదు. దాని ఖరీదు కట్టే మనిషికి, మనం బతికే నేలకు.

మహబూబాబాద్ నుండి మిర్చి బస్తాలు వేసుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు వెళ్లే ఒక చిన్న సరుకుల బండిని ఊహించండి. యజమాని అప్పు చేసి కొత్త బ్యాటరీ కొన్నాడు. బండి వెంటనే స్టార్టయింది. "చూశావా, బ్యాటరీదే తప్పు" అన్నారు అందరూ. ఈ వాదనలో లోపం ఎక్కడుందో చెప్పగలరా? కొత్త బ్యాటరీ దుకాణం నుండే ఛార్జింగుతో వస్తుంది. అందువల్ల బండిలో ఛార్జింగు ఎక్కించే భాగంలో దోషమున్నా మొదట స్టార్టవుతుంది. స్టార్టయినంత మాత్రాన రోగం కుదిరినట్లు కాదు!

ఒక చిన్న లెక్క వేద్దాం. రెండు హెడ్‌లైట్లు, ఒక్కొక్కటి 55 వాట్లు. మొత్తం 110 వాట్లు. దీనిని 12 వోల్టులతో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. 45 ఆంపియర్-గంటల బ్యాటరీ ఈ లైట్లకే అయిదు గంటల్లో ఖాళీ అవుతుంది. నిజానికి అంతకంటే ముందే చతికిలబడుతుంది. అయినా బండ్లు రాత్రంతా ఎలా నడుస్తున్నాయి? ఇంజను తిరుగుతున్నంతసేపూ విద్యుత్తును పుట్టించి, లైట్లకు ఇచ్చి, మిగిలినది బ్యాటరీలో నింపే యంత్రం ఒకటుంది. అదే ఆల్టర్నేటర్. మన షెడ్లలో ఇప్పటికీ దీనిని 'డైనమో' అనే పిలుస్తారు. 1960లో అమెరికాలోని క్రిస్లర్ సంస్థ వేలియంట్ కారులో ఆల్టర్నేటర్ బిగించిన తరువాత, పాత డైనమోల కాలం క్రమంగా ముగిసింది. పేరు మాత్రం మిగిలింది.

ఇందులోని సూత్రం మీ పదో తరగతి పుస్తకంలోనే ఉంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ! ఫ్యాన్ బెల్టు రోటరును తిప్పుతుంది. రోటరులోని తీగచుట్టకు కార్బన్ బ్రష్‌ల ద్వారా కొద్దిపాటి కరెంటు అందగానే అది అయస్కాంతమవుతుంది. ఆ అయస్కాంతం తిరుగుతుంటే చుట్టూ ఉన్న మూడు తీగచుట్టలలో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. బ్యాటరీకి కావలసింది ఏకముఖ విద్యుత్తు కాబట్టి సాధారణంగా ఆరు డయోడ్లు దానిని మారుస్తాయి. వోల్టేజి హద్దు దాటకుండా చూసేది రెగ్యులేటర్.

భూపాలపల్లి పిల్లలకు మరో సంగతి. చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉన్నదీ ఆల్టర్నేటరే! అక్కడ ఫ్యాన్ బెల్టు బదులు బొగ్గు మంటతో పుట్టిన ఆవిరి నిమిషానికి 3000 చుట్లు తిప్పుతుంది. జనగామ, మహబూబాబాద్ స్టేషన్లలో ఆగే పాతరకం రైలు బోగీల కింద కూడా, ఇరుసు తిరుగుడుతో నడిచే ఆల్టర్నేటర్లు ఉంటాయి. పరిమాణంలోనే తేడా, సూత్రం ఒకటే.

మరి ఛార్జింగు ఎక్కకపోతే దోషిని పట్టేదెలా? ఒక మల్టీమీటరు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

మొదట ఇంజను ఆపి ఉంచి, బ్యాటరీ వోల్టేజి కొలవాలి. నిండుగా ఉండి, కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపుతుంది. ఎందుకంటే అందులోని ఆరు సెల్లులలో ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులిస్తుంది. తరువాత ఇంజను స్టార్టు చేసి మళ్లీ కొలవాలి. ఇప్పుడు సాధారణంగా 13.8 నుండి 14.5 వోల్టుల మధ్య రావాలి. పై తొట్టిలోకి నీరెక్కాలంటే పంపు ఒత్తిడి ఎక్కువగా ఉండాలి కదా! ఇదీ అంతే. వోల్టేజి పెరగక, 12.3, 12.2 అంటూ దిగిపోతుంటే బ్యాటరీలోకి ఏమీ రావడం లేదన్నమాట. 15 దాటిపోతే రెగ్యులేటర్ చెడి, బ్యాటరీలోని నీటిని ఉడికించేస్తోందన్నమాట. కంప్యూటర్ అదుపులో నడిచే కొత్త కార్లలో ఈ అంకెలు కొంత మారుతుంటాయి. అక్కడ తయారీదారు ఇచ్చిన పుస్తకం చూడాలి.

ఇక ఒక్కొక్కటే చూస్తూ పోవాలి. ఇంజను ఆపి బెల్టు చూడండి. వదులైనా, అరిగి నున్నబడినా జారుతుంది. రోటరు సరిగా తిరగదు. తరువాత తాళం ఒక మెట్టు తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండా, బ్యాటరీ గుర్తున్న ఎర్రలైటు వెలుగుతుందో లేదో చూడండి. చాలా బండ్లలో రోటరును అయస్కాంతం చేసే తొలి కరెంటు ఆ చిన్న బల్బు ద్వారానే వెళుతుంది! ఆ బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ మేలుకోకపోవచ్చు. చూశారా, ఒక చిన్న బల్బు కోసం పెద్ద బ్యాటరీ మారిపోతుంది!

ఇప్పుడు ఇంజను నడుస్తుండగా ఆల్టర్నేటర్ వెనుక లావుపాటి తీగ బిగించే చోట వోల్టేజి కొలవాలి. ఇది పెద్దలే చేయాలి. అక్కడ 14 ఉండి, బ్యాటరీ దగ్గర 12.3 మాత్రమే ఉంటే దోషం దారిలో ఉంది. తుప్పు పట్టిన కొస, వదులైన ఎర్తు, కాలిన ఫ్యూజు ఏదైనా కావచ్చు. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే పని అయిపోవచ్చు. రెండు చోట్లా తక్కువే ఉంటే అప్పుడు ఆల్టర్నేటర్ విప్పి కార్బన్లు, రెగ్యులేటర్, డయోడ్లు చూడాలి. దుమ్ము, వేడి ఎక్కువగా ఉండే గనుల దారుల్లో వీటిని మరింత తరచుగా చూసుకోవాలి. అన్నీ సరిగా ఉండి, 14 వోల్టులు అందుతున్నా బ్యాటరీ నిలుపుకోలేకపోతే, అప్పుడు తప్పు బ్యాటరీదే. నిరభ్యంతరంగా మార్చండి.

ఒక హెచ్చరిక! ఆల్టర్నేటర్‌ను పరీక్షించడానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసే అలవాటు కొందరికుంది. అది చాలా తప్పు. ఒక్కసారిగా వోల్టేజి ఎగిసి డయోడ్లు మాడతాయి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది కాబట్టి నిప్పురవ్వ ప్రమాదం. తిరిగే బెల్టు దగ్గరికి చున్నీ, వదులు చొక్కా రానీయకండి.

"ఇవన్నీ మెకానిక్కుల పనులు, చదువుకునే పిల్లలకెందుకు?" అని పెద్దలు అడగవచ్చు. ప్రయోగశాలలో మనం చేసేదేమిటి? ఊహించడం, కొలవడం, ఒక్కొక్క కారణాన్ని తోసిపుచ్చడం. మంచి మెకానిక్ చేసేదీ అదే. జనగామ పక్కనున్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద ఆడే సుత్తిని దేశమంతా మెచ్చుకుంటుంది. షెడ్డులో నూనె మరకల చేతిని మాత్రం "చదువు అబ్బనివాడి పని" అంటాం. ఇది సరికాదు. విద్యుదయస్కాంత ప్రేరణకు నిర్వచనం అప్పజెప్పి వంద మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, ఇంటిముందు ఆగిన ట్రాక్టరును చూసి "బ్యాటరీ పోయింది" అంటే ఆ వంద మార్కులకు అర్థమేమిటి?

డబ్బు ఒక్కటే కాదు. బ్యాటరీలో ఉండేవి సీసం, సల్ఫ్యూరిక్ ఆమ్లం. అవసరం లేకుండా పారేసిన ప్రతి బ్యాటరీ ఎక్కడో ఒకచోట కరిగించబడుతుంది. తగిన ఏర్పాట్లు లేనిచోట కరిగిస్తే సీసం గాలిలో, మట్టిలో చేరుతుంది. అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇంతవరకు పరవాలేదని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత బ్యాటరీలు సరైన చోటికి చేరాలంటున్నాయి. అసలు అకాలంగా పాతబడకుండా చూసుకోవడం అంతకంటే మేలు కాదా?

"రేపు విద్యుత్ బండ్లే వస్తాయి కదా" అంటారేమో! వాటిలో ఆల్టర్నేటర్ ఉండదు, నిజమే. కాని వాటిలోనూ చాలావరకు ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. పెద్ద బ్యాటరీ నుండి దానిని నింపే పరికరం వేరే ఉంటుంది. అదీ ఒకరోజు చెడుతుంది. యంత్రం మారినా వెతికే పద్ధతి మారదు.

అందుకే ప్రతి ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఒక మల్టీమీటరు, పాత సామాన్ల దుకాణంలో దొరికే ఒక ఆల్టర్నేటర్ ఉండాలని నేను కోరుతున్నాను. ఏడాదికి ఒకరోజు ఊరి మెకానిక్‌ను పిలిచి ఆయన చేత పాఠం చెప్పించాలి.

అంతవరకు మీరు ఆగనక్కర లేదు. ఈ ఆదివారం మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న బండి బ్యాటరీ వోల్టేజిని పెద్దల సాయంతో మూడుసార్లు కొలవండి. ఇంజను ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి, హెడ్‌లైట్లు వేసి ఇంకోసారి. మూడు అంకెలూ నోటు పుస్తకంలో రాసి, వాటి కింద కారణం కూడా మీ మాటల్లో రాయండి. సోమవారం మీ సైన్సు మాస్టారికి చూపించండి.