అనుగ్రహము కాదు, నియమము

సికింద్రాబాదులోని ఏ.ఎస్. రావు నగరున ప్రవేశపరీక్షల ఫలితములు వెలువడిన దినములలో ఏ ఇంట చూచినను ఒకే ప్రశ్న: ‘ర్యాంకు ఎంత? సీటు ఎక్కడ?’ ఈ నగరు ఎవరి పేర వెలసినదో ఆ అయ్యగారి సాంబశివరావుగారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లున జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునను చదివి, 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు ఆద్యులైరి. విద్యాలయపు తలుపు తెరచుకొన్నచో ఒక పల్లెటూరి బాలుడు ఎంత దూరము పోగలడో చెప్పుటకు ఆ పేరొక్కటియే చాలును. కావుననే ఆ తలుపు ఎవరికి, ఏ లెక్కను తెరువబడుచున్నదను విషయము ఇచ్చటి వారికి వట్టి కాలక్షేపపు చర్చ కాదు.

ఆటలోనో, పాటలోనో, వెండితెరమీదనో చిన్ననాడే పేరు గడించినవారికి విశ్వవిద్యాలయములు ప్రత్యేక ప్రవేశము కల్పింపవచ్చునా? రేయింబవళ్లు పుస్తకముతో కుస్తీపట్టి, ఒక్క మార్కుతో సీటు జారవిడుచుకొన్న విద్యార్థికి ఈ మాట వినగనే కడుపు మండును. అది అసూయ కాదు. తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి మైదానమునకు పరుగెత్తిన బాలిక కష్టమును మూడు గంటల ప్రశ్నపత్రము కొలువజాలదనుటయు అంతే నిజము. రెండును శ్రమలే, రెండింటికిని లెక్క ఉండవలెను.

ఆ లెక్క మనకు కొత్తది కాదు. తెలంగాణ ఇంజనీరింగు ప్రవేశములలో క్రీడాకారులకు నూటికి అరవంతు సీట్లు ప్రత్యేకింపబడినవి. అనగా రెండువందల సీట్లలో ఒకటి. ఆ ఒక్కదానిని పొందగోరువారు ప్రవేశపరీక్షలో అర్హత పొంది, తాము ఏ స్థాయి పోటీలలో నిలిచిరో రుజువు చేయవలెను. మద్రాసు ఐ.ఐ.టి. 2024లో మరియొక మార్గము త్రొక్కినది. ఒక్కొక్క శాఖలో ఉన్న సీట్లకు అదనముగా రెండేసి సీట్లు క్రీడాకారులకు ఏర్పరచి, వానిలో ఒకటి బాలికలకు కేటాయించినది. అయినను ప్రవేశపరీక్ష ర్యాంకుల జాబితాలో చోటు లేనివారికి అందు ప్రవేశము లేదు. ఇతరుల విస్తరినుండి తీయక, క్రొత్త విస్తరి వేయుట ఇందలి విశేషము.

ఈ రెండు ఏర్పాటులును కొలుచునది సాధనను, ప్రఖ్యాతిని కాదు. ఈ భేదము మరువరాదు. జాతీయ ఖోఖో పోటీలలో ఆడిన పల్లెపిల్ల పేరు పొరుగూరివారికే తెలియకపోవచ్చును. ఒక్కమారు టెలివిజనులో కనబడిన బాలుని పేరు రాష్ట్రమంతట మారుమ్రోగవచ్చును. పేరునకు పీట వేసినచో, పీట దక్కునది ప్రతిభకు కాదు, ప్రచారమునకు. ప్రచారమునకు వెనుక నగరమును, ధనమును, పలుకుబడియు నుండును.

నియమము కాగితముపై నున్నంత మాత్రమున చాలదు. 2019లో అమెరికాలో బయటపడిన ప్రవేశముల కుంభకోణమున, సినిమా నటులు మొదలు ధనికులు పలువురు తమ బిడ్డలను ఆడని ఆటలలో క్రీడాకారులుగా చూపించుటకు సొమ్ము చెల్లించిరి. సాంబశివరావుగారు చదివిన స్టాన్‌ఫర్డులోనే పడవపందెముల శిక్షకుడొకడు నేరము నంగీకరించెను. తనిఖీ లేని ప్రత్యేక ద్వారము దొడ్డిదారియగుటకు ఎంతో కాలము పట్టదు.

మన భారతకథలో కర్ణుని తలచుకొనుడు. కురుకుమారుల విద్యాప్రదర్శనమున అతని విల్లు చూడక వంశమడిగిరి. సుయోధనుడు అంగరాజ్యమిచ్చి అప్పటికప్పుడు అర్హత కల్పించెను. కర్ణునికి విద్య లేకపోలేదు. ఆ విద్యను గుర్తించు నియమమే లేకపోయెను. నియమమున పొందవలసినది అనుగ్రహమున పొందినందున, ఆ ఋణము తీర్చుటకే అతని బ్రతుకు సరిపోయెను. నియమము మనిషిని స్వతంత్రునిగా నిలుపును, అనుగ్రహము తలవంపును. ప్రఖ్యాతి చూచి సీటిచ్చిన సంస్థ ఆ యువకునికి మేలు చేయుట లేదు. అతడు తరగతిలో అడుగుపెట్టిన నాటినుండి ‘వీనికి ఊరక వచ్చినది’ అను చూపు నెదుర్కొనవలెను.

2014లో నోబెల్ శాంతి బహుమతి నందిన మలాలా యూసఫ్‌జాయికి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము 2017లో ప్రవేశమిచ్చినది. లోకమంతయు ఎరిగిన ఆ బాలికకు సైతము మూడు విషయములలో ‘ఎ’ శ్రేణి తెచ్చుకొనవలెనను షరతు విధించినది. ఆమె తెచ్చుకొన్నది. ఆ షరతు ఆమెకు అవమానము కాలేదు, గౌరవమైనది.

మా అభిప్రాయమిది: వెసులుబాటు కాలమున ఇయ్యవచ్చును, కొలతలో ఇయ్యరాదు. పోటీలకు పోయిన దినములకు హాజరు సడలింపుడు; తప్పిన పరీక్ష మరల పెట్టుడు; మూడేండ్ల చదువును అయిదేండ్లకు పొడిగింపుడు. కాని కనీసార్హత అందరికి ఒక్కటిగా నుండవలెను. ప్రత్యేక సీట్లు అదనముగా నుండవలెను. ఎంపికైనవారి జాబితాయు, ఎంపికకు కారణమును బహిరంగముగా ప్రకటింపవలెను. సీటు రాని విద్యార్థి ఆ జాబితాను చదివి, ‘నాకన్న ఇతడు దీనికి తగినవాడే’ అని మనసులోనైన ఒప్పుకొనగలిగినప్పుడే ఆ ప్రవేశము న్యాయమైనది.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చర్చకు పెట్టుట మంచిది. రేపు ఆ జాబితాలో పేరు చూచుకొనువారును, చూచుకొనలేనివారును నేడు ఒకే బల్లపై కూర్చున్నారు.