సౌర తుఫాను వస్తే వెల్గటూర్‌కు ఏమవుతుంది? భయం ఒక చోట.. అసలు ముప్పు మరో చోట!

సౌర తుఫాను వార్త వస్తే చాలు.. "ఈ రాత్రి ఫోన్లు ఆపేసి పడుకోండి" అనే మెసేజ్‌ వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. జగిత్యాల జిల్లా వెల్గటూర్‌లో ఉన్నవాళ్లకైనా వచ్చే డౌట్ ఒక్కటే. ఆ కణాలు మన మీద పడతాయా?

పడవు. ఎందుకంటే..

సూర్యుడి నుంచి ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో నిత్యం వీస్తూనే ఉంటాయి. ఇదే సౌర పవనం. భూమి అయస్కాంత క్షేత్రం దీన్ని చాలావరకు పక్కకు మళ్లిస్తుంది. లోపలికి వచ్చిన ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల వెంటే పోతాయి. ఆ రేఖలు నిట్టనిలువుగా కిందికి దిగేది ధ్రువాల దగ్గరే. అక్కడ 100 కిలోమీటర్ల పైన ఆక్సిజన్‌ను ఢీకొంటే ఆకుపచ్చ వెలుగు, ఇంకా పైన ఎరుపు వెలుగు వస్తాయి. అవే అరోరాలు. వెల్గటూర్ ఉన్నది సుమారు 19 డిగ్రీల అక్షాంశంలో. ఇక్కడ ఆ రేఖలు మన నెత్తిమీద పైకప్పులా అడ్డంగా ఉంటాయి.

2022 డిసెంబర్ 25, 26 తేదీల్లో సౌర పవనం దాదాపు ఆగిపోయింది. అప్పుడు సూర్యుడి నుంచి నేరుగా వచ్చిన ఎలక్ట్రాన్లే ఉత్తర ధ్రువంపై ఆకుపచ్చ వెలుగు నింపాయని జపాన్ సైంటిస్టులు 2024లో తేల్చారు. అంత నేరుగా వచ్చినా అవి దిగింది ధ్రువం మీదే!

2024 మే 10, 11 తేదీల్లో వచ్చింది రెండు దశాబ్దాల్లోనే అతి తీవ్రమైన తుఫాను. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. మన దగ్గర మాత్రం ప్రభావం తక్కువే. ప్రధాన దెబ్బ తెల్లవారుజామున తగలడమే కారణమని ఇస్రో చెప్పింది.

మరి ముప్పు ఎక్కడ? మనం వాడే శాటిలైట్లకు. 2022 ఫిబ్రవరిలో కొత్తగా పంపిన 49 స్టార్‌లింక్ శాటిలైట్లలో దాదాపు 40 పోయాయి. 2024 మేలో అమెరికాలో విత్తనాలు వేసే సీజన్‌లోనే ట్రాక్టర్ల జీపీఎస్ దారి తప్పి రైతులు పని ఆపుకున్నారు. ధ్రువాల మీదుగా వెళ్లే విమానాల రేడియోకూ ఇబ్బందే.

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1, 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి ఈ ఎలక్ట్రాన్లను కొలుస్తోంది. అక్కడి నుంచి మామూలు సౌర పవనం మనల్ని చేరడానికి గంట పడుతుంది. తుఫానైతే ఇంకా తక్కువ. ఆ కాస్త టైమ్‌లో సరైన సమాచారం తెలుగులో జనానికి చేరకపోతే ఆ ఖాళీని ఫార్వర్డ్ మెసేజ్‌లే నింపుతాయి.

కాబట్టి ఫోన్ ఆపాల్సిన పనిలేదు. తీవ్ర తుఫాను హెచ్చరిక ఉన్న రోజు పొలంలో డ్రోన్‌తో మందు కొట్టించాల్సి ఉంటే మాత్రం ఒక రోజు ఆగడం మంచిది.