బకెట్ కోసం కాదు

సెలవుల నుంచి తిరిగొచ్చిన వారంలోనే మన హాస్టల్లో కొట్లాటలు ఎక్కువ. ఎందుకు? మొన్న పంపు దగ్గర బకెట్ కోసం నేనూ కొట్టుకున్నాను. నిజానికి అది బకెట్ గొడవ కాదు. అమ్మ గుర్తొచ్చి ఏడుపొస్తోంది. ఏడిస్తే నవ్వుతారని చెయ్యి చేసుకున్నాను.

చెవులు వేడెక్కి, పిడికిలి బిగుసుకుంటే కోపం వస్తున్నట్టే. వెంటనే పక్కకు జరగండి. ఊపిరి నిండా పీల్చి మెల్లగా వదలండి, పదిసార్లు. గుండెదడ తగ్గుతుంది. తర్వాత "ఇంటి మీద బెంగగా ఉందిరా" అని ఒక్కరికైనా చెప్పండి. బెంగ పిరికితనం కాదు. ఎవరికీ చెప్పుకోలేకపోతే టెలీ మానస్ 14416 ఉంది. 2022లో పెట్టారు, డబ్బులు పడవు.

వార్డెన్ గారికి మనవి: దండించే ముందు "ఏమైందిరా?" అని ఒక్కమాట అడగండి సార్.

— 9వ తరగతి విద్యార్థి