'ప్లీజు' లేని భాష

ఇంగ్లీషొక్కటి వస్తే చాలు, ప్రపంచమంతా చుట్టి రావచ్చునని మనవాళ్ళకో ధీమా. చాలావరకు నిజమే. డెన్మార్కులో అయితే మరీ నిజం. అక్కడ కొట్లో కుర్రవాడి దగ్గర్నుంచి డాక్టరుగారి దాకా అందరూ ఇంగ్లీషు గడగడా మాట్లాడతారు. మనం తడుముకుంటూ రెండు డేనిష్ ముక్కలు అనేసరికి, పాపం ఎందుకీ అవస్థ అన్నట్టు వాళ్ళే ఇంగ్లీషులోకి దిగిపోతారు. మరి అలాంటి దేశం వెళ్ళేవాళ్ళు డేనిష్ మాటలు నేర్చుకోవడం దేనికి?

దీనికి జవాబు గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరంలోనే వుంది. ఆవిడ కూతురూ అల్లుడూ కోపెన్‌హేగెన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మనవడికి నాలుగేళ్ళు. పగలంతా అక్కడి పిల్లల బడిలో వుంటాడు. "వాడికి తెలుగు అర్థమవుతుందిట గాని, జవాబు మాత్రం డేనిష్‌లో చెబుతాడట. ఇంగ్లీషు వాడికి రాదు. నాకు కాస్తో కూస్తో వచ్చింది ఆ ఇంగ్లీషే. వెళ్ళి మూడు నెలలు వుండబోతున్నాను. రోజూ వాడే ఇంగ్లీషు మాటలకి డేనిష్ మాటలేమిటో పట్టిక రాసి పుణ్యం కట్టుకోండి" అని ఆవిడ కోరిక.

పట్టికకేం భాగ్యం! నిఘంటువు ముందేసుకుని, ఎడంవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు డేనిష్ మాట వేసుకుంటూ పోవడమే గదా అనిపిస్తుంది. కాని మొట్టమొదటి మాట దగ్గరే బండి ఆగిపోతుంది.

ఆ మొదటి మాట 'ప్లీజు'. ఇంగ్లీషు పిల్లలకి అమ్మ అన్న తర్వాత నేర్పే మాట అది. డేనిష్‌లో దానికి సరిపోయే ఒక్క మాట లేదు. "తమరు అంత దయగలవారై" అన్న ధోరణిలో పెద్ద పదబంధమొకటి వుంది గాని, కాఫీ అడగడానికి దాన్ని వాడితే దర్బారులో విన్నపం చేసుకున్నట్టుంటుంది. అందుకని వాళ్ళు "కాఫీ ఒకటి ఇస్తారా?" అని మర్యాదంతా ప్రశ్నలోనే పెట్టి, చివర 'తాక్' అంటారు. తాక్ అంటే కృతజ్ఞత. పని కాకముందే కృతజ్ఞత చెప్పేస్తారన్నమాట! ఇది తెలియని ఇంగ్లీషువాళ్ళు డేన్లని మొరటువాళ్ళనుకుంటారు.

మన సంగతి మాత్రం? 'దయచేసి' అనే మాట మనకి రైల్వే స్టేషను మైకులోనూ, ప్రభుత్వ ప్రకటనల్లోనూ తప్ప ఎక్కడ వినపడుతుంది? "కాస్త జరుగుతారా అండీ" అంటాం. "మంచినీళ్ళిస్తావుటమ్మా" అంటాం. మన మర్యాద 'అండీ'లోనూ, 'అమ్మా'లోనూ, గొంతులోనూ వుంది. కనక ఇంగ్లీషు మాట పక్కన డేనిష్ మాట వెతకడం మానేసి, మన ఇంట్లో ఏమంటామో అది తలుచుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

'తాక్' గురించి ఇంకొంచెం చెప్పాలి. భోజనం చేసి లేచేటప్పుడు, వండింది కన్నతల్లే అయినా సరే, "తాక్ ఫో మాద్" అంటారు. అన్నం పెట్టినందుకు తాక్. దానికి వండినావిడ "వెల్‌బెకొమ్మె" అంటుంది. మన పెద్దవాళ్ళు "వంటబట్టాలి" అంటారే, ఇంచుమించు అదే. క్రితంసారి కలుసుకున్నవాళ్ళు మళ్ళీ ఎదురుపడితే "తాక్ ఫో సిస్ట్" అంటారు. మొన్నటి కలయికకి ఇవాళ కృతజ్ఞత! దీన్ని ఇంగ్లీషులో పెడితే నవ్వొస్తుంది. వాళ్ళ నోట అదే ఎంతో ఆప్యాయంగా వుంటుంది.

ఏదైనా చేతికందిస్తూ "వేర్ సో గో" అంటారు. అన్నానికి పిలిచేటప్పుడూ అదే మాట. మాటకి మాట అర్థం చెప్పుకుంటే 'అంత మంచిగా వుండండి' అని. ఇంగ్లీషులో దీనికి జంట లేదు. మనకి వుంది. గుమ్మంలో నిలబడి "దయచేయండి" అంటాం చూడండి, అదీ ఈ మాటకి తోబుట్టువు.

ఇక చుట్టరికాల దగ్గరికి వద్దాం. ఇక్కడ ఇంగ్లీషు బొత్తిగా బీద భాష. గ్రాండ్ మదర్ అంటే ఏవైపు ముసలమ్మో, అంకుల్ అంటే మేనమామో బాబాయో తేలదు. డేనిష్‌లో అమ్మ 'మోర్', నాన్న 'ఫార్'. అమ్మ తల్లి 'మోర్‌మోర్', అంటే అక్షరాలా అమ్మ అమ్మ. నాన్న తల్లి 'ఫార్‌మోర్'. తాతగార్లు 'మోర్‌ఫార్', 'ఫార్‌ఫార్'. మనం ఇద్దర్నీ తాతయ్యా అనే పిలుస్తాం, వాళ్ళు అక్కడ కూడా తేడా చూపిస్తారు. మేనత్త 'ఫాస్టర్', మేనమామ 'మోర్‌బ్రోర్'. అయితే పెద్దమ్మకీ పిన్నికీ కలిపి 'మోస్టర్' అని ఒకటే మాట. పెదనాన్నా బాబాయీ ఇద్దరూ 'ఫార్‌బ్రోర్'లే. బావా మరదలూ అనే సరసాలు వాళ్ళకి లేవు, వట్టి కజిన్లే. ఆడ కజినుకో మాట, మగ కజినుకో మాట, అంతే.

కాబట్టి ఆ సోదరి పట్టికలో 'గ్రాండ్ మదర్' అని రాసుకోనక్కరలేదు. మనవడు 'మోర్‌మోర్' అని పిలిస్తే వాడు అంటున్నది అమ్మమ్మా అనే.

మరొక హెచ్చరిక. ఆ దేశంలో పిల్లలు పంతులమ్మని కూడా పేరుపెట్టి పిలుస్తారు. మన 'నువ్వు', 'మీరు' లాగే వాళ్ళకీ 'దు', 'దీ' అని రెండు మాటలు వున్నాయి. 1960 దాకా కొత్తవాళ్ళనీ పెద్దవాళ్ళనీ 'దీ' అనడమే మర్యాద. ఆ తర్వాత పదిహేను, ఇరవై ఏళ్ళలో అది దాదాపుగా మాయమైంది. ఇవాళ రాజుగారిలాంటి వాళ్ళకి తప్ప అందరికీ 'దు' యే. మనవడు అమ్మమ్మని 'దు' అంటే తప్పు పట్టకూడదు. అది పొగరు కాదు, అక్కడి మర్యాదే అంత.

చిన్నపిల్లలతో అవసరమైన మాటల్లో అవును, కాదు ముఖ్యం కదా. అవునుకి 'యా', కాదుకి 'నై'. ఇంగ్లీషు పట్టిక ఇంతటితో ఆగిపోతుంది. కాని డేనిష్‌లో మూడో మాట కూడా వుంది, 'యో' అని. "నీకు ఆకలిగా లేదూ?" అని అడిగితే, వుంది అని చెప్పడానికి 'యా' పనికిరాదు, 'యో' అనాలి. లేదు అన్న ప్రశ్నని తిరగగొట్టే మాట అది. ఇది తెలియకపోతే పిల్లవాడు ఆకలి అంటున్నాడో వద్దంటున్నాడో అమ్మమ్మకి అంతుపట్టదు.

కాలం విషయంలోనూ ఇంగ్లీషుకంటే మనమూ వాళ్ళూ దగ్గర. ఎల్లుండి అనడానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు పేర్చాలి. డేనిష్‌లో 'ఇ ఓవర్‌మోర్న్' అంటే తీరిపోయింది. మొన్నకి 'ఇ ఫోర్‌గోర్స్'. ఇంగ్లీషులో 'డే' అంటే పగలూ కావచ్చు, పగలూ రాత్రీ కలిసిన ఇరవై నాలుగు గంటలూ కావచ్చు. డేనిష్‌లో ఆ ఇరవై నాలుగు గంటలకి 'దోయ్‌న్' అని వేరే మాట వుంది. మందు సీసా మీద 'దోయ్‌న్'కి మూడుసార్లు అని వుంటే, పగలొక్కటే లెక్క పెట్టుకోకూడదు.

గడియారం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 'హల్ త్రే' అన్న మాటని ఇంగ్లీషులో పెడితే 'హాఫ్ త్రీ'. లండనులో హాఫ్ త్రీ అంటే మూడున్నర. కోపెన్‌హేగెన్‌లో రెండున్నర! మూడో గంటలో సగం గడిచిందని వాళ్ళ లెక్క. డాక్టరుగారు రమ్మన్న వేళని ఇంగ్లీషు బుర్రతో అర్థం చేసుకుంటే గంట ఆలస్యంగా వెళ్ళి గుమ్మంలో నిలబడవలసి వస్తుంది.

ఈ 'సగం' గొడవ అంకెల్లోనూ వుంది. డేన్లు ఏభై మొదలుకొని ఇరవైల లెక్క కడతారు. అరవై అంటే మూడు ఇరవైలు, ఎనభై అంటే నాలుగు ఇరవైలు. మరి ఏభై? మూడో ఇరవైలో సగం, అంటే రెండున్నర ఇరవైలు. దాన్ని 'హల్‌ట్రెస్' అంటారు. డెబ్భై మూడున్నర ఇరవైలు, తొంభై నాలుగున్నర ఇరవైలు. పైగా ఒకట్ల స్థానం ముందు పలుకుతారు. డెబ్భై అయిదు అనడానికి 'అయిదూ, నాలుగో ఇరవైలో సగమూ' అన్నట్టు చెబుతారు. కూరల కొట్లో ఈ లెక్క తేలేలోపల వెనక వరస పెరిగిపోతుంది. చీటీ మీద రాసి చూపించమనడం ఉత్తమం.

'ఐ థింక్' అనే మాట ఇంగ్లీషువాళ్ళ నోట క్షణానికోసారి వస్తుంది. డేనిష్‌లో దాన్ని మూడు ముక్కలు చెయ్యాలి. ఆలోచిస్తున్నాను అయితే 'టెంకె'. నాకు అలా అనిపిస్తోంది అయితే 'స్యూనస్'. అనుకుంటున్నాను, నమ్ముతున్నాను అయితే 'త్రో'. సినిమా చూసి వచ్చినవాడు బాగుందని 'స్యూనస్' అంటాడు. చూడనివాడు పోస్టరు చూసి బాగుంటుందని 'త్రో' అంటాడు. ఇంగ్లీషువాడు నెలల తరబడి తికమకపడే ఈ తేడా తెలుగువాడికి వివరించనే అక్కరలేదు. మనకి అనిపించడమూ, అనుకోవడమూ, ఆలోచించడమూ వేరువేరుగా వుండనే వున్నాయి.

వస్తువుల పేర్లు విన్నారా, మరీ ముచ్చటగా వుంటాయి. టెలివిజనుకి 'ఫ్యెర్న్‌సూన్', అంటే దూరపు చూపు. మన దూరదర్శన్‌కి కవల అన్నమాట. రిఫ్రిజిరేటరు 'చల్లని బీరువా'. ఇల్లు ఊడ్చే యంత్రం 'దుమ్ముపీల్చేది'. హిప్పపొటామస్ అని ఇంగ్లీషు పిల్లవాడు నోరు తిరక్క ఏడుస్తుంటే, డేనిష్ పిల్లవాడు ఏటిగుర్రం అంటాడు, మన పిల్లవాడు నీటిగుర్రం అంటాడు. మనం ఖడ్గమృగం అన్నదాన్ని వాళ్ళు ముక్కుకొమ్ము అన్నారు.

అలాగని మాట ఒకేలా వినపడితే మోసపోకూడదు. ఇంగ్లీషులో గిఫ్ట్ అంటే కానుక. డేనిష్‌లో 'గిఫ్ట్' అంటే విషం. అంతటితో ఆగలేదు, పెళ్ళయినవాడు అన్నా 'గిఫ్ట్' యే! దీని మీద డేన్లు తామే ఛలోక్తులు వేసుకుంటారు. ఇక ఇంగ్లీషువాళ్ళు 'డేనిష్' అని పిలిచే తీపి రొట్టె వుందే, దాన్ని డెన్మార్కులో 'వీనర్‌బ్రో', వియన్నా రొట్టె అంటారు. సరే, వియన్నా వెళ్ళి అడిగితే వాళ్ళు దాన్ని కోపెన్‌హేగెన్ పేరు పెట్టి పిలుస్తారు. ఎవరి సొమ్మో ఎవరికీ అక్కరలేదు, తినేవాడికి తీపి!

అనువాదానికి లొంగని మాటలూ వుంటాయి. బయట చలీ చీకటీ, లోపల దీపం, నలుగురు దగ్గరివాళ్ళు, కాఫీ, తీరుబడి మాటలు. ఈ సుఖమంతటికీ కలిపి డేన్లు 'హ్యూగె' అంటారు. ఇంగ్లీషువాళ్ళు దానికి మాట చాలక 2017లో ఆక్స్‌ఫర్డు నిఘంటువులో యథాతథంగా చేర్చుకున్నారు. భాషకి అందులో చిన్నతనం లేదు.

డేన్లతో మనకి మాటల చుట్టరికం కొత్తది కాదు. తమిళదేశపు సముద్రతీరాన తరంగంబాడి 1620 నుంచి 1845 దాకా వాళ్ళ స్థావరం. అక్కడ 1706లో డేనిష్ రాజు ప్రాపకంతో మొదలైన మిషనులో పనిచేసిన జర్మను ఫాదిరీ బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు చేరి, తెలుగు నేర్చి, 1728లో మన భాషకి వ్యాకరణం రాశాడు. అతని ముందు ఇంగ్లీషు నిఘంటువు లేదు. మనుషుల నోటినుంచి మాటలు విని రాసుకున్నాడు. ఆ పద్ధతి ఇవాళ్టికీ మంచిదే.

అందుచేత సోదరికి నేను పంపుతున్న పట్టికలో ఇంగ్లీషు గడి లేదు. ఒకవైపు తెలుగు, ఒకవైపు డేనిష్. తక్కినవి మనవణ్ణే అడిగి నేర్చుకోమన్నాను. నాలుగేళ్ళవాడికి పెద్దవాళ్ళకి పాఠం చెప్పడమంత సరదా మరొకటి వుండదు. బదులుగా రోజుకొక తెలుగు మాట వాడి చేత పలికించమన్నాను. లేకపోతే వాడు పెద్దయ్యాక అమ్మమ్మతో మాట్లాడడానికి ఇద్దరికీ పరాయిదైన మూడో భాషలో వెతుక్కోవాలి.

ఇది డెన్మార్కు వెళ్ళేవాళ్ళకే చెప్పిన మాట కాదు. అరవై లక్షలమంది వున్న ఆ చిన్న దేశంలో అమ్మ తల్లికీ నాన్న తల్లికీ వేరువేరు పేర్లు నిలబడి వున్నాయి. కోట్లమంది వున్న మన దేశంలో మేనత్తా పిన్నీ పక్కింటావిడా అందరూ కలిసి 'ఆంటీ' అయి కూర్చున్నారు. ఎల్లుండి అంటే ఏ రోజని ఇంట్లో పిల్లల్ని ఓమారు అడిగి చూడండి. జవాబు తెలుగులో వస్తే సంతోషమే. లేకపోతే పట్టిక రాసుకోవలసింది మనమే.