తాగుడుకు దుకాణం ఉంది, వైద్యం ఏది?

పోయిన కోతలప్పుడు మా సంఘంలో పనిచేసే ఒక కూలీ ఇక తాగనని బిడ్డ తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. మర్నాటికి చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతే, ‘తాగుబోతులకు ఇక్కడ వైద్యం లేదు, జిల్లా ఆసుపత్రికి పోండి’ అన్నారు. పోవడానికి ఆటో కిరాయి ఎవరిస్తారు? బావమరిది క్వార్టరు కొనుక్కొచ్చి నోట్లో పోశాడు. వణుకు తగ్గింది. ఇవాళ్టికీ ఆ మనిషి తాగుతూనే ఉన్నాడు. ‘ఒట్టు తప్పాడు’ అని ఊరంతా అంటోంది. తప్పింది ఆయన కాదు, ఆసుపత్రి అని మేమంటున్నాం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో కూలి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి పోయి మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1 నుంచి సారాను, 1995 జనవరి నుంచి మద్యాన్నంతా నిషేధించక తప్పలేదు. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ సర్కారు క్వార్టరు 99 రూపాయలకే దొరికేట్టు చేసింది. జెండాలు మారినా ఖజానా దాహం మారలేదు.

అయితే మన తప్పు కూడా మనం ఒప్పుకోవాలి. దుకాణం మూయిస్తే చాలు, మనుషులు వాళ్లే బాగుపడతారనుకున్నాం. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు ఒక్కసారిగా మూసేస్తే హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి వణుకుతో, ఫిట్స్‌తో జనం వరసకట్టారు. కల్తీ కల్లుకు అలవాటు పడ్డ పేదలు కూడా వాళ్లలో ఉన్నారు. ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు ఒక్కరోజులో ఆపితే ప్రాణం మీదికొస్తుంది. అది జబ్బు, పొగరు కాదు. మన సంఘాల్లో కొన్నిచోట్ల తాగినవాడికి జరిమానా వేస్తున్నాం. నాట్ల నాడు కూలి డబ్బు కోసి సీసా చేతిలో పెట్టిన ఆసామికి వేశామా?

కేంద్ర ప్రభుత్వమే చేయించి 2019లో బయటపెట్టిన సర్వే చూడండి: మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఏదో ఒక వైద్యం అందింది ఒక్కరికే. ఎందుకందుతుంది? 30 ఏళ్లు దాటినవాళ్ల ఇళ్లకొచ్చి ఆశా కార్యకర్త నింపే కాగితంలో ‘రోజూ మద్యం తాగుతారా’ అని ఒక ప్రశ్న ఉంది. అవునంటే ఒక మార్కు. ఆ మార్కును బీపీ, షుగరు పరీక్షలకు ఎవర్ని ముందు పంపాలో తేల్చే లెక్కలో కలుపుతారు. తాగుడు సంగతి అక్కడితో సరి.

పెద్ద డాక్టర్లు, పెద్ద మిషన్లు లేందే ఇది కుదరదని అధికారులు చెబుతారు. అబద్ధం. గోవాలో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేసిన పరిశోధన 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నలడిగి, హాని కలిగేంతగా తాగే 377 మంది మగవాళ్లను గుర్తించారు. సగంమందితో, డాక్టర్లు కాని మామూలు మనుషులే తర్ఫీదు పొంది, మహా అయితే నాలుగు సార్లు కూర్చుని మాట్లాడారు. మూడు నెలలకు వాళ్లలో నూటికి 36 మంది ఆ హద్దు నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం అందినవాళ్లలో 26 మందే. మంత్రం కాదిది, నిజమే. కానీ నూటికి పది ఇళ్లంటే తక్కువా?

బాగా ముదిరినవాళ్లకు మాటలు చాలవు, మందులు కావాలి. వణుకు, ఫిట్స్ రాకుండా కొన్నాళ్లు డాక్టరు చూస్తూ ఇవ్వాల్సిన మాత్రలున్నాయి. బీ-వన్ విటమిన్ ఇంజెక్షన్ కావాలి. పల్లెల్లో ఆరెంపీ దగ్గరికి పోతే ముందు గ్లూకోజు ఎక్కిస్తాడు; ఏళ్లుగా తాగి తిండి మానిన మనిషికి బీ-వన్ లేకుండా అది ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. ఇంటావిడ కూరలో తెలియకుండా కలిపే ‘తాగుడు మాన్పించే మాత్ర’ కూడా అంతే. దాని మీద అతను తాగితే గుండె ఆగొచ్చు. పాపం ఆమెదేం తప్పు, ఇంకో దారి చూపిందెవరు?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక బాధలను కూడా జబ్బులోనే కలిపింది. సర్కారు ఆసుపత్రిలో ఆ వైద్యం పొందడం హక్కని రాసింది. కాబట్టి మేం భిక్ష అడగడం లేదు. మండలానికొక తర్ఫీదైన కౌన్సిలర్ కావాలి, ఆ మందులు ఆరోగ్య కేంద్రం బీరువాలో ఉండాలి, ఓపీలో బీపీ చూసినట్టే తాగుడు గురించి కూడా అవమానించకుండా అడగాలి. దుకాణాలు తగ్గించాలన్న పోరాటం ఎటూ వదిలేది లేదు.

నాట్లు అయిపోగానే మహిళా కూలీలు ముందుండి ఆరోగ్య కేంద్రాల దగ్గర అర్జీలివ్వాలని మా మండల కమిటీ తీర్మానించింది. మానాలనుకునే మగవాళ్లు కూడా రావాలి. పేర్లు బయటపెట్టం. ఈలోగా ఎవరైనా ఒక్కసారిగా మానేసి వణుకుతుంటే ఇంట్లో కూర్చోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో కాదు పొమ్మంటే మాకు కబురు పెట్టండి, వస్తాం.