రాత నేర్పే చేతికి కూలి ఏదీ?

ఒకప్పుడు ఊరికో కరణం ఉండేవాడు. మన తాతలు వేలిముద్ర వేస్తే, దాని పైన ఏం రాయాలో ఆయనే రాసుకునేవాడు. 1984లో కరణీకం రద్దయింది. కరణం పోయాడు గానీ కలం మన చేతికొచ్చిందా? లేదు. అది పోయి యూనివర్సిటీలో కూచుంది.

కృష్ణా కాలవల వెంబడి మాలపల్లెల్లోంచి, మాదిగగూడేల్లోంచి పిల్లలు పీజీకి పోతున్నారు. తెలుగు బళ్ళో చదివినోళ్ళు. అక్కడ ఇంగ్లీషులో సెమినార్ పేపరు రాయమంటారు, థీసిస్ రాయమంటారు. ఎట్లా రాయాలో చెప్పే నాథుడుండడు. తప్పు రాస్తే నవ్వడానికి మాత్రం క్లాసంతా ఉంటుంది.

మేం పీజీ చదివే రోజుల్లో ఒక మేష్టారు మా కాగితం పైకెత్తి చూపించి "ఇదీ రిజర్వేషన్ ఇంగ్లీషు" అన్నాడు. ఆ రాత్రి హాస్టల్లో మన సీనియరొకాయన పక్కన కూచున్నాడు. రాసిపెట్టలేదు. "ఏం చెప్పాలనుకున్నావో ముందు తెలుగులో చెప్పు" అన్నాడు. చెప్పాం. "అదే రాయి" అన్నాడు. నాలుగుసార్లు రాయించాడు. అట్లా ఎందరికో చేశాడు. మాకు డిగ్రీలొచ్చినయి. ఆయన థీసిస్ ఆగిపోయింది. ఫెలోషిప్ గడువు తీరి ఉత్తచేతులతో ఇంటికొచ్చాడు.

అది మంచితనం అని చేతులు దులుపుకుందామా? అది పని. పనికి కూలి ఉండాలి.

మన నాగార్జున యూనివర్సిటీ 1976లో పుట్టింది. అదే ఏడాది అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ 'రైటింగ్ ల్యాబ్' తెరిచింది. పైచదువుల విద్యార్థులు అక్కడ ట్యూటర్లు. వచ్చినవాడి పక్కన కూచుని, వాడి కాగితం వాడి చేతే దిద్దిస్తారు. ఆ పనికి జీతం తీసుకుంటారు. తెల్లోడి బిడ్డకు సొంతభాషలో రాయడానికి సాయం కావాలంటే అది సౌకర్యం. మన బిడ్డకు పరాయిభాషలో సాయం కావాలంటే మెరిట్ లేకపోవడమా? ఇక్కడ కూడా, లక్షల ఫీజులు తీసుకునే అశోకా యూనివర్సిటీలో రైటింగ్ సెంటర్ ఉంది. మనకిచ్చిందేమిటి? యూజీసీ డబ్బుతో 'రెమెడియల్' క్లాసులు. పేరులోనే మందు వాసన! మనమేదో జబ్బుపడ్డట్టు!

బాబాసాహెబ్ లండన్‌లో ఇచ్చిన రూపాయి సమస్య థీసిస్‌ని 1923లో తిరగరాయమని వెనక్కిచ్చారు. తిరగరాసి అదే ఏడాది మళ్ళీ ఇచ్చారు. తేల్చిన మాట మాత్రం మార్చలేదు. నెగ్గారు. తిరగరాయడం సిగ్గుపడే సంగతి కాదు. తిరగరాసుకునే వీలు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నదే సంగతి.

బెజవాడ స్వరాజ్ మైదానంలో 2024లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబెట్టారు. సంతోషం. అంత విగ్రహానికి చోటు చూపించినోళ్ళకు, ప్రతి యూనివర్సిటీలో ఒక్క గది దొరకదా? అందులో ఎస్సీ, ఎస్టీ, బీసీ పరిశోధక విద్యార్థుల్ని నెలజీతం మీద పెట్టాలి. ఇంగ్లీషుతో పాటు తెలుగు రాత కూడా నేర్పాలి. మన మాట మార్చకుండా వాక్యం దిద్దాలి.

అన్నలారా, అక్కలారా! జీతాలొచ్చాక పేట దారి మర్చిపోయినోళ్ళు మనలోనూ ఉన్నారు. గది వచ్చేదాకా ఆదివారం ఆదివారం పల్లెలోని అంబేద్కర్ భవనంలో కూచుందాం. మన పిల్లల పక్కన, ఎదురుగా కాదు. గది కోసం, కూలి కోసం కొట్లాడదాం. ఆ సీనియరు బాకీ తీర్చే దారి ఇదొక్కటే.

జై భీమ్!